ఆరో గట్టు మీద సూదికత్తి

భాద్రపదం 4

ఈ రోజు ఏడుగురు. ఇద్దరికి ముందు మూతి కుట్టి, ఆ తర్వాత నడుం చూశాను.

వరుసలో ఎవరు ముందు అన్నదాని మీద కొట్టుకున్నారు. ఒకడు వీపు చట్రం పట్టీకుండే ఇనప కొక్కెంతో రెండోవాడి దవడ పగలగొట్టాడు. రెండు పళ్లు గుమ్మంలో దొరికాయి. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే పాక. నడుం నొప్పితో మూడు వారాలు కంటి మీద కునుకు లేనివాడికి తోడబుట్టినవాడు కూడా పగవాడే.

నా పేరు వరహాలమ్మ. ఆరో గట్టు మోతగాళ్లకి ఇరవై రెండేళ్లుగా సూదికత్తి వైద్యం చేస్తున్నాను. నా తర్వాత ఈ బల్ల దగ్గర నిలబడేవాళ్ల కోసం రోజూ రాసిపెట్టాలని నియమం ఉంది, అందుకే రాస్తున్నాను. గట్టుకి ఇవతల పల్లపు ఊరు, నలభై వేల మంది. అవతల సముద్రం. ఆటు పోటుల్లో ఎప్పుడు చూసినా నీళ్లు ఊరి కప్పుల కంటే ఎత్తునే ఉంటాయి. మోతగాళ్లు కొండ కింద నుంచి బండలు తెచ్చి గట్టు పెంచుతారు. వాళ్ల వీపు చట్రాల్లో మోటార్లు ఉన్న రోజుల్లో బరువంతా చట్రమే మోసేది. ఉప్పుగాలికి మోటార్లు చచ్చి రెండేళ్లయింది. కొత్తవి రాలేదు. ఇప్పుడు చట్రమంటే వీపు మీద ఇనుము, ఇనుము మీద తొంభై కిలోల బండ.

చివరగా జట్టు మేస్త్రి అసిరయ్య వచ్చాడు. నెమ్మదైన మనిషి, యాభై దగ్గర పడ్డాడు. బల్ల మీద బోర్లా పడుకోవడానికే అతనికి చాలాసేపు పట్టింది. ఒంటి లోపల చూపించే తెర మీద వెన్నుపూసల నీడ చూసుకుంటూ, కుడి పక్క రెండు కీళ్ల దగ్గర ముందు మత్తు చుక్క వేశాను. నొప్పి పోయిందన్నాడు. అంటే చోటు అదే. అప్పుడు సూదికత్తి దించాను. చూడ్డానికి అది సూదే, మొన మాత్రం బియ్యపు గింజ అంచంత కత్తి. కీలు నుంచి నొప్పి మోసుకెళ్లే చిన్న నరం కొమ్మని ఎముక అంచున పట్టుకుని తెంపాను. రక్తం మూడు చుక్కలు. అసిరయ్య లేచి నిలబడి, నిటారుగా పది అడుగులు నడిచి, గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఒక పక్కే కొయ్యాలి. రెండు కొమ్మలకి మించకూడదు. మత్తు చుక్కతో పరీక్షించకుండా కత్తి దించకూడదు. నాకు నేర్పిన ఆవిడ పెట్టిన నియమాలివి. ఇన్నేళ్లూ వీటిని దాటలేదు.

భాద్రపదం 9

గట్టు అధికారి రాజవర్ధన్ కబురు పెట్టి పిలిపించాడు. నాలుగేళ్లుగా ఈ గట్టు అతని చేతిలోనే ఉంది. మంచినీళ్లిచ్చి కూర్చోమన్నాడు. కార్తీకంలో రాబోయే తుపాను ఇప్పటిదాకా చూసినవాటి కంటే పెద్దదని, ఈలోపు గట్టు నాలుగు మూరలు పెరగాలని చెప్పాడు. ఉన్నది రెండు వందల పన్నెండు మంది మోతగాళ్లు. రోజూ మూడో వంతు నడుం పట్టుకుని పడుకుంటున్నారు. అందుకని అందరికీ, రెండు పక్కలా, నడుంలో ఉన్న కొమ్మలన్నీ కోసెయ్యమన్నాడు. పరీక్షలకి టైము లేదన్నాడు.

ఆ కొమ్మ నొప్పి ఒక్కటే మొయ్యదని చెప్పాను. వెన్నుని అంటిపెట్టుకుని ఒక లోపలి కండ ఉంటుంది, పూసని పూస మీద జారకుండా పట్టి ఉంచేది అదే. దానికి ప్రాణం పోసేది కూడా ఆ కొమ్మే. ఒకటి రెండు కోస్తే చుట్టుపక్కలవి సర్దుకుంటాయి. అన్నీ కోస్తే కండ ఎండిపోతుంది. ఆ తర్వాత ఆ నడుం మీద బండ పెడితే ఏమవుతుందో నేను పూచీ పడలేనన్నాను.

అతను అరవలేదు. తన తల్లి, ఇద్దరు ఆడపిల్లలు గట్టు కిందే రెండో వీధిలో ఉంటున్నారని చెప్పాడు.

"రెండు వందల నడుములా, నలభై వేల ప్రాణాలా వరహాలమ్మగారూ? ఏదో ఒకటి మీరే చెప్పండి. నేను రాసుకుంటాను."

బల్లకి ఇంకో ఇద్దరు మనుషుల్ని, సూదులు ఉడకబెట్టడానికి పెద్ద గిన్నెని అడిగి వచ్చాను. ఇదెవరైనా చదువుతుంటే ఈ ముక్క తెలియాలి. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

భాద్రపదం 21

ఈ రోజు పంతొమ్మిది మంది. మొత్తం నూట తొంభై ఎనిమిది.

పాకల్లో పండగలా ఉంది. ఏళ్ల తరబడి వంగి నడిచినవాళ్లు నిటారుగా తిరుగుతున్నారు. పొద్దున్న ఒకడు బండ మీద బండ పెట్టుకుని గట్టెక్కాడట, మధ్యాహ్నానికి ఇంకో పదిమంది. నన్ను చూస్తే దండం పెడుతున్నారు. బోడయ్య పెళ్లాం గవరమ్మ నా కోసం ఎండురొయ్యలు వేయించి తెచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొగుడు రాత్రి మూలగకుండా పడుకోవడం ఇదే మొదటిసారని చెప్పి నవ్వింది.

నన్ను అక్క బదులు అప్పా అని పిలిచే నా తమ్ముడు తవిటయ్యని ఆఖరికి నెట్టుకుంటూ వచ్చాను. వాడు అసిరయ్య జట్టులోనే మోస్తున్నాడు. సూదులు అరిగిపోయాయన్నాను, రేపు రమ్మన్నాను, ఎల్లుండి రమ్మన్నాను. ఈ రోజు బల్లెక్కి పడుకుని ఇక దిగలేదు.

"ఊరందరికీ కోసి నాకొక్కడికీ మానేత్తే ఏటనుకుంతారప్పా? నీ కత్తి మంచిదైతే నాకూ మంచిదే. సెడ్డదైతే ఆళ్లకెందుకు కోసినావు?"

కోశాను. పది కొమ్మలు. చెయ్యి ఎక్కడా తొణకలేదు. దానికే నాకు భయమేసింది.

ఆశ్వయుజం 11

కోతలు అయిపోయాయి. నా దగ్గరికి ఇప్పుడు నడుములు రావడం లేదు, దెబ్బలు వస్తున్నాయి.

జట్టుకి ఇన్ని బండలని లెక్క. రెండేసి మోసేవాళ్లు ఎక్కువయ్యేసరికి రెండు బండలే లెక్కయింది. ఒకటే మోసేవాడు జట్టుకి బరువైపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నా, మోకాళ్లు లొంగిపోతున్నాయన్నా నమ్మేవాడు లేడు. నొప్పి లేనివాడికి ఎదుటివాడి బాధ దొంగవేషంలా కనిపిస్తుంది. నిన్న మూడో జట్టులో ఒకణ్ణి చట్రానికి కట్టేసి కొరడాతో కొట్టారు. కొట్టింది రాజవర్ధన్ కావలివాళ్లు కాదు, జట్టువాళ్లే. వాడి చెవి సగం తెగి వేలాడుతుంటే కుట్టాను. మొన్న ఇద్దరు ఒకణ్ణి గట్టు మీద నుంచి తోశారు. వాడు బతకలేదు.

అసిరయ్య కూడా మారిపోయాడు. ఇద్దరిని కొట్టాడని విన్నాను. నేను వెళ్లి అడిగితే, లెక్క తగ్గితే కావలివాళ్లు జట్టు మొత్తానికి తిండి ఆపేస్తారని, ఒకణ్ణి కొడితే పద్దెనిమిది మంది తింటారని, నా మొహం చూడకుండా చెప్పాడు.

ఆశ్వయుజం 17

బోడయ్య విరిగిపోయాడు. ఆ మాట తప్ప వేరే మాట లేదు.

నాలుగు రోజులుగా కాళ్లు తనవి కావన్నట్టున్నాయని చెబుతున్నాడట. పొద్దున్న రెండో బండ వద్దన్నాడు. అసిరయ్య ఇనప కడ్డీతో పిక్కల మీద కొట్టి బండ ఎత్తించాడు. బోడయ్య ముప్పై అడుగులు ఎక్కాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైందని వెనకాలవాళ్లు చెప్పారు. తనకి మాత్రం ఏమీ తెలియలేదు. ఇంకో మూడు అడుగులు వేశాడు, చప్పుడెక్కడిదని వెనక్కి తిరిగి అడిగాడు కూడా. అప్పుడు కాళ్లు మడత పడిపోయాయి. రెండు బండలూ మీద పడ్డాయి.

నా బల్ల మీదికి తెచ్చేటప్పటికి నడుం కింద ప్రాణం లేదు. తెర మీద చూస్తే కింది పూస ముందుకి జారి నరాల మోపుని నలిపేసింది. ఒంటేలు పోతున్నా తెలియడం లేదు. నొప్పి లేదమ్మా, నొప్పి లేదు, కాళ్లెక్కడున్నాయో చూడమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. గవరమ్మ బల్ల కాళ్ల దగ్గర కూర్చుని అతని పాదాలు ఒళ్లో పెట్టుకుంది.

సాయంత్రం లోపు ఎవరు దొరికితే వాళ్లని పిలిచి తెర కింద పెట్టాను. నలభై మంది. ముప్పై ఒక్కరికి లోపలి కండ పీచులా పలచబడి తెల్లగా కనిపించింది. వాళ్లలో తవిటయ్య ఉన్నాడు. అసిరయ్య రానన్నాడు.

ఆశ్వయుజం 18

బోడయ్య తెల్లవారాక జ్వరంతో పోయాడు.

రాజవర్ధన్ దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కడి మీద సగం బండకి మించి పెట్టొద్దని, నడుములకి గట్టి పట్టీలు కట్టించమని, ఊళ్లోంచి మనుషుల్ని పిలిపించి బండలు చేతుల మీదుగా అందించే ఏర్పాటు చెయ్యమని అడిగాను. ఊళ్లోంచి గట్టుకీ కొండకీ వచ్చే తలుపు తీసే మాటే లేదన్నాడు. గట్టు బలహీనంగా ఉందని తెలిస్తే నలభై వేల మంది ఒకేసారి కొండదారి పడతారని, అది ఇరుకు దారి అని, తొక్కిసలాటలో పిల్లలు చస్తారని చెప్పాడు. తెర మీద చూసింది మోతగాళ్లకి చెప్పొద్దన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా పాకల దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం కూటికి అందరూ చేరినప్పుడు చెప్పేశాను. మీ నడుముల్లో పట్టు లేదని, కోసింది నేనేనని, ఇలా కావచ్చని తెలిసే కోశానని చెప్పాను.

ఎవరో చేతిలో ఉన్న పళ్లెం విసిరారు. అది నా నుదుటికి తగిలింది. ఆ తర్వాత ఎవరు కొట్టారో అందరి పేర్లూ చెప్పలేను. కింద పడ్డాక పొట్టలో తన్నారు. ఎడమచేతి మీద ఒకడు మడమతో ఎక్కాడు, రెండు వేళ్లు విరిగాయి. అసిరయ్య జుట్టు పట్టుకుని లేపి, తెలిసే కోశావా అని అడిగాడు. తెలిసే అన్నాను. పిడికిలితో మూతి మీద గుద్దాడు. తెలిసే అని ఇంకోసారి చెప్పించాడు. మళ్లీ గుద్దాడు. తవిటయ్య మధ్యలోకి వచ్చి నా మీద బోర్లా పడుకున్నాడు. నాకు పడాల్సిన కడ్డీ దెబ్బలు వాడి నడుం మీద పడ్డాయి. వాడు నా చెవిలో నొప్పి లేదప్పా అంటూనే ఉన్నాడు.

ఆఖరికి గవరమ్మ వచ్చి ఆపింది. చావు నీళ్లు పోసుకున్న తడిచీరతోనే వచ్చింది. నా మీద జాలితో కాదు. దీన్ని చంపేస్తే రేపు మిమ్మల్ని చూసేదెవరని అంది, అంతే.

ఆశ్వయుజం 28

తుపాను పది రోజులు ముందే వచ్చింది. ఇది జరిగి మూడు రోజులైంది. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఆ రోజు పొద్దున్నే రాజవర్ధన్ నా దగ్గరికి వచ్చాడు. రెండు రోజులుగా గాలిలో గట్టు మీదే నిలబడి ఉండటంతో నడుం పట్టేసి, కుర్చీలోంచి లేవడమే కష్టమైందట. ఒక పక్కే చూడమన్నాడు, మత్తుచుక్క పరీక్ష చేసి అవసరమైన కొమ్మ ఒక్కటే తెంపమన్నాడు. నియమాలన్నీ అతనికి తెలుసు. బోర్లా పడుకోబెట్టాను. మత్తు చుక్కతో చోటు తేల్చుకున్నాను, ఆ మత్తు కీలు దగ్గరే, కాలి నరం దాకా పోదు. సూదికత్తి కీలు దాకా దించి, కొమ్మ కోసం వెతుకుతున్నాను. అప్పుడు అసిరయ్య లోపలికి వచ్చాడు.

తల పగిలి రక్తం కారుతోంది. ఎడమకాలు ఈడుస్తున్నాడు. తూర్పు మలుపు దగ్గర గట్టు బండి పట్టేంత తెగిందని, నీళ్లు దూకుతున్నాయని చెప్పాడు. బండలతో పరిగెత్తినవాళ్లలో నలభై మంది పడిపోయారు, లేవడం లేదు. చేతుల మీదుగా అందిస్తే పూడ్చొచ్చు, దానికి మనుషులు కావాలి, ఊరి తలుపు తీయించమన్నాడు. తలుపు దగ్గర కావలివాళ్లు వైర్‌లెస్‌లో అధికారి గొంతు వింటే తప్ప తియ్యరు. అడగడానికి వెళ్లిన ముగ్గురిని కాల్చేశారట.

రాజవర్ధన్ పడుకునే, వద్దు అన్నాడు. జనం బయటికొస్తే ఎవరూ ఆపలేరన్నాడు. ఇంకో వంద మందితో బండలెత్తించమన్నాడు.

నా సూది ఇంకా అతని వెన్నులోనే ఉంది.

తీసి పక్కన పెట్టి బతిమాలి ఉండొచ్చు. పెట్టలేదు. కీలు దగ్గర నుంచి మొన తప్పించి, కాలిలోకి దిగే పెద్ద నరం మీదికి పోనిచ్చాను. అతను అరిచిన అరుపు గాలిలో కూడా బయటికి వినపడి ఉంటుంది. కాలు దానంతటదే ఎగిరి బల్ల అంచుకి కొట్టుకుంది. అసిరయ్య నిలబడి చూస్తున్నాడు, ఆపలేదు. వైర్‌లెస్ అతని మూతి దగ్గర పెట్టి, తలుపు తియ్యమని చెప్పండి అన్నాను. తీయిస్తాను, తీయిస్తాను అన్నాడు. ఒప్పుకున్నాడు. ఆ మాట స్పష్టంగా విన్నాను.

విన్నాక ఇంకోసారి నొక్కాను.

అసిరయ్య నా చెయ్యి పట్టుకుని లాగేశాడు. అంతకు వారం ముందు నా మూతి పగలగొట్టిన చెయ్యే అది. చాలమ్మా అన్నాడు. రాజవర్ధన్ ఏడుస్తూ వైర్‌లెస్‌లో ఆజ్ఞ ఇచ్చాడు. తలుపులు తెరుచుకున్నాయి.

జనం కొండదారి పట్టలేదని చెప్పను. చాలామంది పట్టారు. ఇరుకులో పదకొండు మంది తొక్కిసలాటలో చనిపోయారు, వాళ్లలో నలుగురు పిల్లలు. ఆ విషయంలో రాజవర్ధన్ చెప్పిందే నిజమైంది. కానీ మూడు నాలుగు వేల మంది గట్టు వైపు వచ్చారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, కొట్లు కట్టేసి వచ్చినవాళ్లు. మోకాళ్ల లోతు నీళ్లలో వరుస కట్టి, కొండ దగ్గర నుంచి తూర్పు మలుపు దాకా, పగలగొట్టి చిన్నవి చేసిన బండలు చేతులు మార్చారు. మధ్యాహ్నం దాటాక నీళ్లు ఆగాయి.

తవిటయ్య తెగిన చోటే దొరికాడు. రెండు బండలతో పరిగెడుతుంటే నడుం విరిగిందని పక్కవాళ్లు చెప్పారు. బోర్లా పడ్డాడు, బండలు వీపు మీద. అక్కడ నీళ్లు పిక్కల లోతే. తల ఎత్తుకుంటే బతికేవాడు. చేతులు నేలకి ఆనించి లేవబోయిన గుర్తులు బురదలో ఉన్నాయి. చట్రం విప్పి, మొహం కడిగాను. ఒంటి మీద పాత కడ్డీ దెబ్బలు తప్ప ఎక్కడా గాయం లేదు.

కార్తీకం 6

ఊరివాళ్లు, మోతగాళ్లు కలిసి గట్టు మీద సభ పెట్టారు. రాజవర్ధన్‌ని మంచం మీద మోసుకొచ్చారు. అతని ఎడమ పాదం ఇంకా లేవడం లేదు. అతను తనకి తెలిసింది తెలిసినట్టు చెప్పాడు, రెండు వందల నడుములా, నలభై వేల ప్రాణాలా అని అడిగానని, ఆమె కాదంటే వేరేవాళ్లతో చేయించేవాణ్ణని ఒప్పుకున్నాడు. తలుపు సంగతి వచ్చేసరికి, ఆవిడ నొక్కింది, నేను ఒప్పుకున్నాను అని ఊరుకున్నాడు.

నేను లేచి, ఒప్పుకున్నాక కూడా నొక్కానని చెప్పాను.

ఎందుకని ఒక ముసలాయన అడిగాడు. నా తమ్ముడు పోయిన సంగతి అప్పటికి నాకు తెలియదు కాబట్టి ఆ కోపం అని చెప్పుకోవడానికి లేదు. నొక్కాలనిపించిందని చెప్పాను.

కోసింది రెండు వందల పన్నెండు మందికి. బోడయ్యతో కలిపి నడుం విరిగి చచ్చినవాళ్లు తొమ్మిది మంది. ఇక నడవలేనివాళ్లు ముప్పై ఎనిమిది. ఈ లెక్క నేనే చదివాను. నా సూదులు తీసేసుకున్నారు. సభ నాకు వేసిన శిక్ష ఇది: లేవలేనివాళ్లని పొద్దున్నే చూడాలి, ఒళ్లు కదిలించడం నేర్పాలి, కత్తి ముట్టుకోకూడదు. మధ్యాహ్నం నుంచి అందరిలాగే బండల వరుసలో నిలబడాలి. రాజవర్ధన్ లేవగలిగిన రోజున అతనికీ అదే. కొందరు మా ఇద్దరినీ సముద్రంలోకి తొయ్యాలన్నారు. చేతులెత్తిన లెక్కలో వాళ్లు తక్కువ పడ్డారు.

కార్తీకం 19

వరుసలో నా స్థానం గవరమ్మ పక్కన పడింది. ఎవరైనా కావాలని పెట్టారో, అలా కుదిరిందో తెలియదు. బండ ఆవిడ చేతుల నుంచి నా చేతుల్లోకి రావాలి.

మొదటి రోజు మూడో బండని నా చేతులు అందుకోకముందే వదిలేసింది. విరిగి సగం అతుక్కున్న వేళ్ల మీద పడింది. ఆ రెండు వేళ్లూ ఇక వంగవు. పై వరుసలోంచి అసిరయ్య చూసి దిగబోయాడు. నేనే వద్దన్నాను. గవరమ్మ తర్వాతి బండ అందుకోవడానికి అటు తిరిగింది. ఆ రోజంతా, ఆ మర్నాడు కూడా, నా వైపు చూడకుండా అందించింది. రోజుకి మూడు వందల పైచిలుకు బండలు. ప్రతి బండకీ ఆవిడ చేతులు నా చేతులకి తగులుతాయి.

ఈ రోజు ఒక పెద్ద బండ వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చి ఆవిడకి ఆనించారు. నేను అలవాటులో నడుం వంచి అందుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు. పొట్టకి హత్తుకుని, బరువుకి చేతులు వణుకుతున్నా అలాగే పట్టుకుని నిలబడింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"మోకాళ్లొంచు," అంది. "నడుం కాదు."

మోకాళ్లు వంచాను. అప్పుడు బండ ఇచ్చింది.